కచేరీ దగ్గరైంది, కాగితం దగ్గరైందా?

రామసముద్రం: అర్జీ పట్టుకుని బయలుదేరిన రైతు ఏ బస్సు ఎక్కాలన్నది ఈ మండలంలో కాలాన్ని బట్టి మారుతూ వచ్చింది. తాలూకా రోజుల్లో పుంగనూరు బస్సు ఎక్కాలి. అక్కడ తేలని పనికి మదనపల్లెలోని డివిజను కచేరీకి, అక్కడా తేలకపోతే చిత్తూరుకు పోవాలి. 1985 తరువాత చాలా పనులు సొంత మండల కేంద్రానికే వచ్చాయి. 2022 ఏప్రిల్ నుంచి కలెక్టరును చూడాలంటే రాయచోటికి పోవలసి వచ్చింది. 2025 డిసెంబరు ఆఖరులో జిల్లా కేంద్రాన్ని రాయచోటి నుంచి మదనపల్లెకు మార్చాలని రాష్ట్ర మంత్రివర్గం నిర్ణయించడంతో దారి మళ్లీ మదనపల్లె వైపు తిరిగింది. ఇన్నేళ్లలో వూరు కదలలేదు, పొలం కదలలేదు. కచేరీలే కదిలాయి.

ప్రతి మార్పు సమయంలోనూ ప్రజలకు చెప్పిన మాట ఒకటే: పాలన ప్రజల దగ్గరకు వస్తుందని. ఆ మాటలో చాలా భాగం నిజమే. పాతికేళ్ల క్రితం ఒక ధృవీకరణ పత్రానికి పట్టిన కాలాన్ని, ఇవాళ పడుతున్న కాలాన్ని పోల్చి చూసిన వారెవరూ దాన్ని కాదనరు. అయితే కార్యాలయం దగ్గరకు రావడం వేరు, పని దగ్గరకు రావడం వేరు. పని జరగాలంటే రెండు వుండాలి. ఒకటి, సంతకం పెట్టే అధికారం గల మనిషి. రెండు, ఆ మనిషి చూసి సంతకం పెట్టవలసిన పాత రికార్డు. ఈ రెండింటిలో ఏది వేరే వూళ్లో వుండిపోయినా, కొత్త కార్యాలయం ఎంత దగ్గరలో వున్నా, రైతు బస్సు ఎక్కక తప్పదు. రామసముద్రం ప్రాంతం చూసిన మార్పులన్నింటినీ ఈ గీటురాయి మీద గీసి చూడవలసి వుంది.

జమీను నుంచి రైత్వారీకి

1911కు ముందు చిత్తూరు జిల్లా అనేది లేదు. అప్పటి మద్రాసు రాష్ట్రంలో 1911 ఏప్రిల్ 1న ఉత్తర ఆర్కాటు, కడప జిల్లాల నుంచి కొన్ని ప్రాంతాలు తీసి ఈ జిల్లాను ఏర్పరిచారు. మదనపల్లె, వాయల్పాడు తాలూకాలు కడప నుంచి వచ్చాయి. పుంగనూరు జమీందారీ ప్రాంతం ఉత్తర ఆర్కాటు నుంచి వచ్చింది. అంటే ఇవాళ పక్కపక్కనే వున్న మదనపల్లె వారూ, పుంగనూరు తాలూకాకు చెందిన రామసముద్రం వారూ ఆనాటికి రెండు వేర్వేరు జిల్లాల మనుషులు. ఈ సంగతి ఇప్పటి యువతకు వింతగా తోచవచ్చు. జిల్లా సరిహద్దు అనేది శాశ్వతమైన గీత కాదని ఈ ప్రాంతానికి వందేళ్ల కిందటే అనుభవమైంది.

తరువాతి పెద్ద మార్పు జమీందారీల రద్దు. 1948 నాటి ఎస్టేట్ల రద్దు, రైత్వారీ మార్పిడి చట్టం ప్రకారం జమీందారీ గ్రామాలు ప్రభుత్వ పరమయ్యాయి. అంతవరకు జమీను కచేరీలో వుండిన లెక్కలకు బదులు సర్వే, సెటిల్మెంటు జరిపి రైత్వారీ పట్టాలు ఇవ్వవలసి వచ్చింది. ఎవరి సాగులో వున్న నేల వారి పేరుకు ఎక్కడం పెద్ద మేలు. కాని సెటిల్మెంటు నాడు ఎవరి పేరు ఎక్కిందన్నదే తరువాతి తరాలకు మూలాధారమైంది. నేటికీ భూమి తగాదా వస్తే అధికారులు మొదట అడిగేది ఆ సెటిల్మెంటు రిజిస్టరునే. అందులో ఒక సర్వే నంబరు తప్పుపడితే మనుమల కాలం దాకా అది వెంటాడుతున్నది.

కరణం పోయాడు, లెక్క మిగిలింది

గ్రామాల్లో ప్రభుత్వమంటే చాలా కాలం ఇద్దరే: మునసబు, కరణం. శిస్తు వసూలు మునసబుది, లెక్క కరణానిది. అడంగల్, పది ఒకటి అకౌంటు, చిట్టా అన్నీ కరణం ఇంట్లోనే వుండేవి. ఎవరి పొలం గట్టు ఎక్కడ వుందో, ఎవరి పంపకం ఎప్పుడు జరిగిందో కాగితం తీయకుండానే చెప్పగల కరణాలు వుండేవారు. ఆ తెలివే వారి బలం. రైతు వారి గడప తొక్కక తప్పేది కాదు. లెక్క సర్కారుది, పెట్టె కరణానిది. కులాన్ని బట్టి, కుటుంబాన్ని బట్టి వచ్చే ఉద్యోగం కావడంతో పేదవానికి ఆ అరుగు మీద చనువు వుండేది కాదు. ఏటా జరిగే జమాబందీలో పై అధికారులు లెక్కలు తనిఖీ చేసినా, మిగిలిన రోజుల్లో రైతు కరణం దయ మీదనే ఆధారపడేవాడు.

1984 జనవరిలో ఎన్.టి. రామారావు ప్రభుత్వం ఆర్డినెన్సు ద్వారా పార్ట్ టైం గ్రామాధికారుల ఉద్యోగాలను రద్దు చేసింది. దీనిపై కేసులు సుప్రీంకోర్టు దాకా పోయాయి. 1985లో కోర్టు ఆ రద్దును సమర్థించింది. తమిళనాడు ఇదే పని 1980లో చేసింది. పడమట సరిహద్దుకు అవతల, మైసూరు రాష్ట్రంలో శానుభోగుల వంశపారంపర్య ఉద్యోగాలు 1960ల మొదట్లోనే పోయాయి. కాబట్టి ఇది ఒక్క రామారావు ఆలోచన మాత్రమే కాదు, దక్షిణాది అంతటా నడిచిన మార్పు.

వంశపారంపర్యం పోవడం న్యాయమే. అది పోవాలని కోరిన వారిలో సన్నకారు రైతులే ఎక్కువ. అయితే రద్దుతో పాటు జరగవలసిన రెండో పని లెక్కల స్వాధీనం. కరణాల ఇళ్లలోని రికార్డులను ప్రభుత్వం తీసుకోవాలి, జాబితా రాసుకోవాలి, కొత్తవారికి అప్పగించాలి. ఉద్యోగం ఒక్క ఆర్డినెన్సుతో రద్దవుతుంది. తరాల లెక్క అంత సులువుగా చేతులు మారదు. కరణం నోట వుండిన గట్ల వివరం ఏ పుస్తకంలోనూ లేదు. అది ఆయనతోనే పోయింది. పుస్తకంలో వున్నది మాత్రం ఎంత భద్రంగా చేతులు మారిందన్నది ఆ వూరి అదృష్టాన్ని బట్టి వుండింది.

పేరు మారింది, పని అదే

కరణం పోయిన తరువాత ఆ ఖాళీని నింపడానికి ప్రభుత్వాలు ఎన్నో పేర్లు పెట్టాయి. గ్రామ సహాయకులు వచ్చారు. గ్రామ పరిపాలనాధికారులు, అనగా వి.ఏ.ఓ.లు వచ్చారు. తరువాత పంచాయతీ కార్యదర్శులకు ఆ పని కలిపారు. మళ్లీ విడదీసి గ్రామ రెవిన్యూ అధికారులను, అనగా వి.ఆర్.ఓ.లను పెట్టారు. పేరు ఏదైనా గ్రామంలో అడంగల్ రాసే మనిషి ఒకడు కావాలన్నది మారలేదు.

పొరుగున తెలంగాణ అనుభవం ఇందుకు నిదర్శనం. అక్కడ 2020లో వి.ఆర్.ఓ. వ్యవస్థను పూర్తిగా రద్దు చేశారు. భూముల లెక్కంతా ధరణి కంప్యూటరులోకి మార్చారు. తప్పు దిద్దుకోవాలన్నా గ్రామంలో అడిగే మనిషి లేకపోయాడు. 2025లో ధరణి స్థానంలో భూభారతి చట్టం వచ్చింది. అదే ఏడాది సెప్టెంబరులో గ్రామ పాలనాధికారుల పేరిట మళ్లీ గ్రామానికి మనుషులను పంపారు. అవినీతి వుందని ఉద్యోగాన్ని తీసేస్తే అవినీతితో పాటు సేవ కూడా పోతుందని ఐదేళ్లకు తేలింది.

తాలూకా నుంచి మండలానికి

రామసముద్రం రూపు మార్చిన ఏడాది 1985. ఆ ఏడాది మే నెలలో తాలూకాలు, ఫిర్కాలు పోయి మండలాలు వచ్చాయి. రాష్ట్రంలో 1,100కు పైగా మండలాలు ఏర్పడ్డాయి. ఒక్కొక్క తాలూకా మూడు నాలుగు ముక్కలైంది. పుంగనూరు తాలూకాలో వుండిన రామసముద్రం మండల కేంద్రమైంది. తహసిల్దారు స్థానంలో మండల రెవిన్యూ అధికారి, సమితి బి.డి.ఓ. స్థానంలో మండల అభివృద్ధి అధికారి వచ్చారు. 1959 నవంబరు 1 నుంచి నడిచిన పంచాయతీ సమితులు కూడా పోయి, 1987 నుంచి మండల ప్రజా పరిషత్తులు వచ్చాయి. కొన్నేళ్ల తరువాత ఎమ్.ఆర్.ఓ. పేరు మార్చి మళ్లీ తహసిల్దార్ అన్నారు. వూళ్లలో ఇప్పటికీ పెద్దవాళ్లు ఎమ్.ఆర్.ఓ. ఆఫీసనే అంటారు.

ఈ మార్పు వల్ల కలిగిన మేలు కంటికి కనిపించేదే. కరవు వచ్చినప్పుడు పశుగ్రాసం కోసం, వితంతు పింఛను కోసం, రేషను కార్డు కోసం తాలూకా కేంద్రం వరకు పోనక్కరలేకపోయింది. కూలికి పోయే మనిషికి ఒక పూట మిగలడమంటే ఒక పూట కూలి మిగలడమే. వేరుశనగ, టమోటా, పట్టు పురుగులను నమ్ముకున్న ఈ ప్రాంతంలో కోత రోజునో, పురుగు గూడు కట్టే రోజునో పట్టణానికి పొమ్మంటే నష్టం ఎంతో రైతుకు తెలుసు.

కాని ఇక్కడా గీటురాయి అదే. తాలూకా పంచుకున్నప్పుడు రికార్డునూ పంచుకోవాలి. ఏ గ్రామం ఏ మండలంలో పడిందో చూసి, ఆ గ్రామపు పుస్తకాలను, సర్వే పటాలను, నడుస్తున్న ఫైళ్లను ఆ మండలానికి చేర్చాలి. చేరినది చేరగా, చేరనిది పాత కచేరీ బీరువాలో మిగిలిపోతుంది. అప్పుడు కొత్త కార్యాలయం రైతును పాత కార్యాలయానికి పొమ్మంటుంది. పాత కార్యాలయం అది మా పరిధి కాదంటుంది. ఈ రెండు మాటల మధ్య నలిగిన అర్జీలు ఏ జిల్లాలోనైనా కోకొల్లలు.

చిత్తూరులో మొదలైన మీ సేవ

2011 నవంబరు 4న మీ సేవ పథకం చిత్తూరు జిల్లాలోనే మొదలయింది. తరువాతనే అది రాష్ట్రమంతా విస్తరించింది. అధికారి చేతి సంతకానికి బదులు కంప్యూటరు సంతకంతో కులం, ఆదాయం, అడంగల్ వంటి పత్రాలు ఇవ్వడం దీని ప్రత్యేకత. ఎమ్.ఆర్.ఓ. క్యాంపుకు పోయారు, రేపు రండి అనే మాటకు కొంతవరకు తెరపడింది. రుసుము ఎంతో, గడువు ఎన్ని రోజులో గోడ మీద రాసి పెట్టడం పల్లెవాసులకు అదే మొదలు.

ఇందులో మెచ్చుకోదగ్గ పద్ధతి ఒకటి సరిహద్దు అవతల అంతకు పదేళ్ల ముందే వచ్చింది. రామసముద్రం మండలానికి ఆనుకొని వున్న కోలారు జిల్లాతో పాటు కర్ణాటక అంతటా 2000-01 ప్రాంతంలో భూమి అనే పథకం కింద పహణీలను కంప్యూటరులోకి ఎక్కించారు. చేతిరాత పహణీ చెల్లదన్నారు. తాలూకా కేంద్రంలో 15 రూపాయలకు ప్రతి ఇచ్చారు. అన్నిటికన్నా ముఖ్యం, పట్టా మార్పు అర్జీలను వచ్చిన వరుసలోనే పరిష్కరించాలని కంప్యూటరులోనే కట్టడి చేశారు. వెనుక వచ్చిన అర్జీని ముందుకు జరపాలన్నా వీలు కాదు. కార్యాలయం తాలూకా కేంద్రంలోనే వుంది, దూరం తగ్గలేదు. అయినా రైతు తిరగవలసిన తడవలు తగ్గాయి. సేవ మెరుగుపడడానికి గోడలు కట్టడం కంటే వరుస తప్పని పద్ధతి ముఖ్యమని ఇది తెలుపుతున్నది.

అయితే కంప్యూటరు తనకు తానుగా నిజం చెప్పదు. ఎక్కించినదే చెబుతుంది. పుస్తకంలోని తప్పు కంప్యూటరులోకి ఎక్కితే, మునుపు ఒక వూరి పుస్తకంలో వున్న తప్పు ఇప్పుడు బ్యాంకులోనూ, రిజిస్ట్రారు ఆఫీసులోనూ కూడా కనిపిస్తుంది. 2020 డిసెంబరులో రాష్ట్రంలో మొదలైన రీసర్వే విషయంలోనూ ఇదే జరిగింది. రీసర్వే జరిగిన గ్రామాల్లో సర్వే నంబరు బదులు ఎల్.పి.ఎం. నంబరు వచ్చింది. కొన్నిచోట్ల పలువురి భూమిని కలిపి ఒకే జాయింటు ఎల్.పి.ఎం. ఇవ్వడంతో వాటిని విడదీయించుకోవడం రైతులకు కొత్త పని అయింది. 2023లో అమలులోకి వచ్చిన భూ యాజమాన్య హక్కు చట్టాన్ని 2024లో రద్దు చేశారు. చట్టాలు ఇలా వస్తూ పోతూ వుంటే రైతు చేతిలో మిగిలేది పాత పాసు పుస్తకం, శిస్తు రసీదు, దస్తావేజు. వాటిని పారవేయరాదు.

సచివాలయం ఇచ్చినది, ఇవ్వలేనిది

2019 అక్టోబరు 2న గ్రామ సచివాలయాలు వచ్చాయి. సుమారు 2,000 జనాభాకు ఒకటి చొప్పున పెట్టి, రెవిన్యూ, సర్వే, వ్యవసాయం, పశువైద్యం, సంక్షేమం, ఆరోగ్యం పనులు చూసే వారిని ఒకే కప్పు కింద కూర్చోబెట్టారు. అంతకు ముందు ఆగస్టు 15న 50 ఇళ్లకు ఒక వలంటీరును నియమించారు. 2024 ఎన్నికల తరువాత వలంటీర్ల వ్యవస్థ కొనసాగలేదు. 2025లో సచివాలయాలను జనాభాను బట్టి మూడు తరగతులుగా విడగొట్టి సిబ్బందిని సర్దారు. అదే ఏడాది జనవరి 30న వాట్సాప్ ద్వారా సేవలందించే మన మిత్ర వచ్చింది.

ఇన్ని మార్పుల నడుమ ఒక సేవ మాత్రం తప్పకుండా ఇంటి గడపకు వస్తున్నది. అది పింఛను. 2020 ఫిబ్రవరి నుంచి వలంటీర్లు ఇంటి వద్ద ఇచ్చారు. 2024 ఏప్రిల్లో ఎన్నికల నియమావళి వల్ల ఆ పని వలంటీర్ల నుంచి తప్పించగా వృద్ధులు ఎండలో సచివాలయాల వద్ద నిలబడవలసి వచ్చింది. 2024 జూలై 1 నుంచి సచివాలయ సిబ్బందే ఇంటికి తెచ్చి ఇస్తున్నారు. వృద్ధాప్య పింఛను 4,000 రూపాయలైంది. మనుషులు మారినా, ప్రభుత్వం మారినా ఈ సేవ నిలబడింది. ఎందుకంటే తేదీ ఒకటే, బాధ్యుడు ఎవరో తెలుసు, పాత కాగితంతో పని లేదు. జాబితాలో పేరు వుంటే చాలు.

భూమి పని అలా కాదు. తండ్రి పోయాక కొడుకుల పేరిట పట్టా మార్చాలంటే దరఖాస్తు గ్రామంలోనే పెట్టుకోవచ్చు. కాని విచారణ వి.ఆర్.ఓ.ది, ఉత్తరువు తహసిల్దారుది. దానిపై అప్పీలు డివిజను అధికారికి పోతుంది. ఆపైన జాయింటు కలెక్టరు వుంటారు. 1971 నాటి పట్టాదారు పాసు పుస్తకాల చట్టం గీసిన మెట్లు ఇవి. గ్రామంలో ఎంత మంది ఉద్యోగులను కూర్చోబెట్టినా ఈ మెట్లు తగ్గలేదు. అందుకే కింది కార్యాలయంలో జనం తక్కువగానూ, పై కార్యాలయంలో అర్జీలు ఎక్కువగానూ కనిపిస్తుంటాయి. సోమవారం కలెక్టరు వద్ద అర్జీలు తీసుకునే కార్యక్రమానికి గ్రీవెన్సు డే, ప్రజావాణి, మీ కోసం, స్పందన, ప్రజా సమస్యల పరిష్కార వేదిక అని పేర్లు మారుతూ వచ్చాయి. సోమవారం మారలేదు, వరుసలో నిలబడేవారూ తగ్గలేదు. ఆ అర్జీల్లో భూమి సమస్యల వాటా ఎప్పుడూ పెద్దదే.

కరెంటు, బస్సు చెప్పే పాఠం

రెవిన్యూ శాఖ ఒక్కటే కాదు. 1959లో ఏర్పడిన విద్యుత్తు బోర్డును 1999 ఫిబ్రవరిలో విడగొట్టారు. ఉత్పత్తి ఒక సంస్థకు, సరఫరా మరొక సంస్థకు ఇచ్చి, 2000లో పంపిణీకి వేరే కంపెనీలు పెట్టారు. ఈ ప్రాంతం తిరుపతి కేంద్రంగా వున్న దక్షిణ ప్రాంత పంపిణీ సంస్థ కిందికి వచ్చింది. బోరు మోటారు కాలిపోయిన రైతుకు బిల్లు మీద ఎవరి పేరు వున్నా ఒకటే. ట్రాన్స్ ఫార్మరు ఎన్ని రోజుల్లో మారుస్తారన్నదే లెక్క. లైన్ మన్ అందుబాటులో వున్న వూరికి సంస్కరణ నొప్పి తెలియలేదు, లేని వూరికి తెలిసింది.

1958లో ఏర్పడిన ఆర్టీసీ సిబ్బందిని 2020 జనవరి 1 నుంచి ప్రభుత్వ ఉద్యోగులుగా చేశారు. 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీశక్తి పథకం కింద మహిళలకు పల్లెవెలుగు వంటి బస్సుల్లో ఛార్జీ లేదు. కచేరీల చుట్టూ తిరిగే ఒంటరి మహిళలకు ఇది వూరటే. కాని ఛార్జీ మిగిలినా ఆ రోజు కూలి మిగలదు. జిల్లా కేంద్రం మారినప్పుడు బస్సు వేళలు కూడా కార్యాలయాల వేళలకు తగినట్లు మారాలి. పొద్దున అర్జీ పెట్టుకుని సాయంకాలానికి వూరు చేరే బస్సు లేకపోతే జిల్లా దగ్గరైన ఫలితం దక్కదు.

జిల్లా గీతకు ఇటూ అటూ

2009 ఎన్నికల నాటికి జరిగిన పునర్విభజనలో రామసముద్రం మండలం మదనపల్లె శాసనసభ నియోజకవర్గంలో చేరింది. అప్పుడది ఓటు వరకే అనిపించింది. 2022 ఏప్రిల్ 4న రాష్ట్రంలో 13 జిల్లాలు 26 అయినప్పుడు ఆ గీతే జిల్లా గీత అయింది. మదనపల్లెతో పాటు రామసముద్రం అన్నమయ్య జిల్లాలోకి పోయింది. పాత తాలూకా కేంద్రమైన పుంగనూరు చిత్తూరు జిల్లాలోనే నిలిచి, కొత్తగా ఏర్పడిన పలమనేరు డివిజనులో చేరింది. తాతల నాటి తాలూకా రెండు జిల్లాలైంది. మదనపల్లెను జిల్లా కేంద్రం చేయాలని అప్పట్లో పెద్ద ఆందోళన జరిగిన సంగతి విదితమే. రాయచోటికి పోవాలన్నా రామసముద్రం వారు మదనపల్లె దాటే పోవాలి. ఇల్లు దాటి పక్కింట్లో భోజనానికి పోయినట్లుండేది.

అదే 2022లో కుప్పానికి వేరే రెవిన్యూ డివిజను వచ్చింది. అంతవరకు కుప్పం వారు డివిజను పని మీద మదనపల్లె దాకా రావలసి వుండేది. దూరం తగ్గించిన మార్పుల్లో ఇది ఎన్నదగినది.

2025 డిసెంబరు ఆఖరు నాటి నిర్ణయంతో మార్కాపురం, పోలవరం కొత్త జిల్లాలుగా చేరి రాష్ట్రంలో జిల్లాలు 28 అయ్యాయి. అన్నమయ్య జిల్లా పేరు వుంచి, కేంద్రాన్ని మదనపల్లెకు మార్చారు. రాజంపేట కడపకు, రైల్వే కోడూరు తిరుపతికి పోయాయి. రామసముద్రం వారికి ఇది మేలు. రాయచోటి వారికి ఇది కష్టం. నాలుగేళ్లు కాకముందే వారి చేతిలోని జిల్లా కేంద్రం పోయింది. ఒకరి దగ్గర మరొకరికి దూరం అన్నది ప్రతి విభజనలోనూ వుండేదే. 1974 నాటి జిల్లాల ఏర్పాటు చట్టం కింద ముందుగా ప్రకటన ఇచ్చి, 30 రోజుల పాటు అభ్యంతరాలు వినే పద్ధతి వున్నది అందుకే.

కాలిపోయిన ఫైళ్లు

ఈ మార్పుల్లో అసలు ప్రమాదం ఎక్కడుందో మదనపల్లెలోనే తెలిసివచ్చింది. 2024 జూలై 21 రాత్రి మదనపల్లె సబ్ కలెక్టరు కార్యాలయంలో మంటలు లేచి భూములకు సంబంధించిన ఫైళ్లు కాలిపోయాయి. ఘటనపై దర్యాప్తు జరిపించారు. కారణం తేల్చడం దర్యాప్తు సంస్థల పని, కోర్టుల పని. రైతుకు సంబంధించినంత వరకు ప్రశ్న వేరు. తన ఫైలు ఆ గదిలో వుందా లేదా? వుంటే దాని నకలు ఇంకెక్కడైనా వుందా?

ఈ ప్రశ్నకు జవాబు చెప్పడానికి ఒక జాబితా వుండాలి. ఏ గ్రామపు ఏ రికార్డు ఏ కార్యాలయంలో ఏ గదిలో వుందో రాసిన జాబితా. 1984లో కరణం పెట్టె నుంచి, 1985లో తాలూకా బీరువా నుంచి, 2022లో చిత్తూరు నుంచి రాయచోటికి, ఇప్పుడు రాయచోటి నుంచి మదనపల్లెకు ఈ కాగితాల మూటలు కదులుతూనే వున్నాయి. నలభై ఏళ్లలో నాలుగు ప్రయాణాలు. ప్రతి ప్రయాణంలోనూ ఒక మూట తప్పిపోవడానికి అవకాశం వుంది. అగ్గి వల్ల పోయినది అందరికీ కనిపిస్తుంది. బండి ఎక్కించేటప్పుడు పోయినది ఎవరికీ కనిపించదు. రైతు పదేళ్ల తరువాత పట్టా మార్పుకు పోయినప్పుడే అది లేదని తెలుస్తుంది.

జరగవలసినది

కొత్త జిల్లా కేంద్రంలో భవనాలు, వాహనాలు, అధికారుల గదుల గురించి సమీక్షలు జరగడం సహజం. వాటితో పాటు రికార్డుల సంగతి కూడా బయటపెట్టాలి. గ్రామాల వారీగా వచ్చిన రికార్డులు ఎన్ని, రావలసినవి ఎన్ని అన్న జాబితాను మండల కార్యాలయంలోనూ, గ్రామంలోని ప్రభుత్వ కార్యాలయంలోనూ అంటించాలి. పెద్ద ఖర్చు లేని పని ఇది. పెండింగులో వున్న అప్పీళ్లు, అర్జీల నంబర్లను, అవి ఇప్పుడు ఏ అధికారి వద్ద వున్నాయో కూడా అందులో చేర్చాలి. సంతకం ఎవరిదో, కాగితం ఎక్కడుందో తెలిసిన రైతు మధ్యవర్తిని వెతుక్కోడు.

రైతుల వంతు పని కూడా కొంత వుంది. చేతిలోని పాత అడంగల్ నకళ్లు, శిస్తు రసీదులు, పాసు పుస్తకాలు, పంపకం కాగితాలు ఒకచోట భద్రపరచుకోవాలి. కంప్యూటరులో తమ సర్వే నంబరుకు ఎదురుగా ఎవరి పేరు, ఎంత విస్తీర్ణం వుందో ఏడాదికి ఒకసారైనా చూసుకోవాలి. 2005 నాటి సమాచార హక్కు చట్టం కింద తమ ఫైలు ఎక్కడుందని అడగవచ్చు. ఈ రాష్ట్రంలో అందుకు గ్రామస్థాయి కార్యాలయంలో రుసుము లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, ఆపైన 10 రూపాయలు. 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. జవాబు రాకపోయినా, ఫైలు లేదని వచ్చినా, ఆ కాగితమే ఒక ఆధారమవుతుంది. అవసరం పడిన రోజున వెతుక్కోవడం కంటే జిల్లా కొత్తగా కుదురుకుంటున్న ఈ నెలల్లోనే అడగడం మంచిది. పాత కచేరీలో పని చేసిన గుమస్తాలు బదిలీ కాకముందే, ఏ మూట ఎక్కడ దింపారో గుర్తున్న మనుషులు అందుబాటులో వున్నప్పుడే, తప్పిపోయిన కాగితం దొరికే వీలు ఎక్కువ.

రామసముద్రం వారికి జిల్లా కేంద్రం ఇన్నాళ్లకు అందుబాటులోకి వచ్చింది. అక్కడికి పోయే బస్సు దిగిన రైతుకు తన ఫైలు కూడా అదే వూళ్లో దొరికితేనే ఆ మార్పు పూర్తయినట్లు. కలెక్టరు కార్యాలయం బోర్డు కట్టిన తేదీతో పాటు, చివరి మూట చేరిన తేదీని కూడా అధికారులు ప్రజలకు చెప్పవలసి వుంది.